తాము చూడని అడవి

స్వీడన్ దక్షిణ జిల్లాల్లో ఏదో ఒక కొండవాలు మీద చెట్లన్నీ ఒక్కసారే నరికేశారనుకుందాం. నేలను యంత్రంతో గీరి, హెక్టారుకు రెండు వేల పైచిలుకు స్ప్రూస్ మొక్కలు నాటుతారు. రెండు మూడేళ్ళు తిరిగేసరికి అక్కడ ఎవరూ నాటని మొక్కలు లేస్తాయి. బర్చ్ గింజలు గాలికి కొట్టుకొస్తాయి. ఆస్పెన్ పాత వేళ్ళ నుంచే పిలకలు వేస్తుంది. రోవన్ పళ్ళు తిన్న పిట్టలు వాటి గింజల్ని అక్కడ రాలుస్తాయి. కొన్నేళ్ళకు బర్చ్ మనిషెత్తు దాటి స్ప్రూస్ నెత్తిన నీడ పడుతుంది. అప్పుడొక మనిషి వస్తాడు. భుజాల మీదుగా పట్టీలు, వాటికి వేలాడే పొడవాటి గొట్టం, దాని కొసన గిర్రున తిరిగే రంపపు బిళ్ళ. అడుగడుక్కీ ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చుకుంటూ ఆ వాలంతా నడుస్తాడు. అతను వెళ్ళిపోయాక వరసల్లో స్ప్రూస్ మిగులుతుంది, మోకాలెత్తు బర్చ్ మోళ్ళు మిగులుతాయి. ఉత్తరాది శంఖాకార వృక్షాల తోటల్ని తప్పుపట్టేవాళ్ళు సాధారణంగా నాటినవాడినే దోషిగా నిలబెడతారు. కానీ నాటినంత మాత్రాన ఏకజాతి తోట తయారవదు. నేల తనకు తోచినవన్నీ మొలిపిస్తూనే ఉంటుంది. వాటిని పనిగట్టుకుని మళ్ళీ మళ్ళీ కొట్టేస్తుంటేనే అది ఒకే జాతి తోటగా నిలుస్తుంది.

అందుకే ఇది వృక్షశాస్త్రంలో మొదలై ధర్మవిచారంలోకి వచ్చి పడే ప్రశ్న. రంపం పట్టినవాడు, అంతకన్నా అతణ్ణి పంపినవాడు, ఏం తెలిసి బర్చ్ అక్కర్లేదంటున్నాడు? తెలిసింది ఈనాటి మిల్లు ధర. ఆ స్ప్రూస్ కోతకు వచ్చేది అరవై నుంచి వందేళ్ళ తర్వాత. అప్పటికి ఆ మిల్లు ఉంటుందో లేదో, వానలు ఎలా పడతాయో, కలపతో లోకానికి ఏం పని ఉంటుందో చెప్పగలవాడు లేడు. తాను చూడబోని కాలానికి నిర్ణయం చేసేవాడు, తన లెక్క తప్పితే తర్వాతివాళ్ళకు ఏం మిగులుతుందన్నది కూడా ఆ నిర్ణయంలోనే చూసుకోవాలి. అడవిలో రకరకాల చెట్లు ఉండనివ్వడం అటువంటి ఏర్పాటు అని నా వాదన. అందం కోసమో, ప్రకృతి మీద ప్రేమ కొద్దో చేసే దయ అనుకోనక్కర్లేదు. ఫలాపేక్ష వదులుకోమన్న గీతాబోధను మనవాళ్ళు ఎక్కువగా ఓదార్పుకే వాడుకుంటారు, అనుకున్నది జరగనప్పుడు. అడవి పెంచేవాడికి మాత్రం అది షరతు. ఫలం తనకు అందదని తెలిసినవాడు, ఆ ఫలం ఫలానా రకంగానే ఉండాలని శాసించడానికి వెనకాడాలి.

ఈ ఏకజాతి తోటలు దురాశలోంచి పుట్టాయనుకుంటే చరిత్రకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. సాక్సనీలో గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫన్ కార్లొవిట్స్ 1713లో అడవుల పెంపకం మీద పెద్ద గ్రంథం రాశాడు. వెండి కరిగించే కొలుములకు కట్టెలు కరువైన కాలమది. పెరిగినంతే నరకాలి, నరికినచోట మళ్ళీ పెంచాలి అన్న ఆలోచనను అడవులకు వర్తింపజేసి స్పష్టంగా చెప్పిన తొలి రచనల్లో అది ఒకటి. రేపటి తరం గురించిన చింతే దానికి పునాది. తర్వాతి వందేళ్ళలో జర్మన్ అటవీ పాఠశాలలు ఆ చింతను గణితంగా మార్చాయి. హెక్టారుకు ఇన్ని చెట్లు, ఇన్నేళ్ళకు ఇంత కలప అని పట్టికలు కట్టాయి. పట్టికకు ఒకే జాతి, ఒకే వయసు చెట్లు అనుకూలం. స్ప్రూస్ నిటారుగా, త్వరగా పెరుగుతుంది, చెప్పిన మాట వింటుంది. ఓక్, బీచ్ అడవులున్న చోట్ల కూడా స్ప్రూస్, పైన్ వరసలు లేచాయి. 1886లోనే మ్యూనిక్ ఆచార్యుడు కార్ల్ గాయర్ మిశ్రమ అడవే మేలని పుస్తకం రాశాడు. చదివారు, మెచ్చుకున్నారు, చాలాచోట్ల స్ప్రూస్ నాటుతూ పోయారు. ఆ పట్టికల విద్యే, గాయర్ పుస్తకానికి ముందే, 1864లో డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు భారత ప్రభుత్వానికి తొలి అటవీ ఇన్స్పెక్టర్ జనరల్ కావడంతో మన దేశానికీ వచ్చింది. ఖమ్మం వైపు జామాయిల్ తోటల్ని, కోస్తాలో సరుగుడు తోటల్ని చూసి ఇది మన సొంత తెలివి అనుకునేవాళ్ళకు దాని పూర్వీకులు ఎక్కడివాళ్ళో తెలియడం మంచిది.

లెక్క తప్పితే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, జరిగిందే ఉంది. 2005 జనవరిలో గుద్రున్ అని పేరు పెట్టిన తుఫాను దక్షిణ స్వీడన్ మీదుగా ఒక్క రాత్రిలో పోతూ సుమారు 7.5 కోట్ల ఘనపు మీటర్ల కలపను నేలకూల్చింది. దేశమంతా కలిసి ఏడాది పొడుగునా నరికేదానికి అది దగ్గర దగ్గర సమానం. పడ్డవాటిలో అత్యధికం స్ప్రూస్. దాని వేళ్ళు లోతుకు పోవు, పక్కలకు పరుచుకుంటాయి. చలికాలం ఆకురాల్చే బర్చ్ గాలిని తప్పించుకున్న వేళ, నిండా సూదులున్న స్ప్రూస్ తెరచాపలా దానికి ఎదురు నిలుస్తుంది. ఇక జర్మనీలో 2018లో మొదలైన కరువు ఏళ్ళలో బెరడు పురుగు చెలరేగింది. నీళ్ళున్నప్పుడు స్ప్రూస్ తన బెరడు తొలిచే పురుగును జిగురులో ముంచి చంపుతుంది. కరువులో ఆ జిగురు ఊరదు. మొదట చేరిన పురుగులు వాసన వదిలి మిగతావాటిని పిలుస్తాయి. పక్క చెట్టూ స్ప్రూసే, దాని పక్కదీ స్ప్రూసే. గాలివానలు, కరువు, పురుగు కలిసి నాలుగైదేళ్ళలో సుమారు 5 లక్షల హెక్టార్ల అడవిని మోడుచేశాయి. ఒకప్పుడు గనుల కోసం స్ప్రూస్ నింపిన హార్ట్స్ కొండలు ఇప్పుడు మైళ్ళ తరబడి బూడిదరంగు కట్టెలు. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పుకోవాలి. బర్చ్, ఆస్పెన్ బెరడుల నుంచి, ఆకుల నుంచి వచ్చే వాసనలు ఈ పురుగును గందరగోళపరుస్తాయని ప్రయోగాల్లో తేలింది. రంపపు మనిషి కలుపు అని కొట్టేసిన మొక్క, తాను కాపాడాలనుకున్న చెట్టుకు కాపలా కాసేది కూడా. అతనికి అది తెలియదు. అతణ్ణి పంపిన శాస్త్రానికీ అప్పట్లో తెలియదు. నా వాదన బలమంతా ఈ తెలియకపోవడంలోనే ఉంది.

ఆపద మాట అటుంచి, ఆదాయం మాటే చూద్దాం. స్వీడన్ 1923 నుంచి తన అడవులను క్రమం తప్పకుండా కొలుస్తోంది. ఆ జాతీయ సర్వే కొలతల మీద ఆధారపడి 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒకే జాతి ఉన్న చోట్ల కన్నా ఐదు జాతులున్న చోట్ల చెట్ల ఎదుగుదల సుమారు 50 శాతం ఎక్కువ కనిపించింది. కలప, నేలలో కర్బనం, అడవి పళ్ళు అన్నిటినీ ఒకేసారి ఎక్కువగా ఇవ్వగల జాతి ఏదీ లేదనీ తేలింది. ఒక్కొక్కటి ఒక్కొక్కదానిలో దొడ్డది. 2016లో ప్రపంచవ్యాప్త కొలతలతో చేసిన అధ్యయనం కూడా జాతులు తగ్గితే దిగుబడి తగ్గుతుందనే చెప్పింది. వీటిని నేను తురుపుముక్కలుగా వాడదలచుకోలేదు. ఇలాంటి కొలతల్లో సారవంతమైన నేల మీదే ఎక్కువ జాతులు మొలిచి ఉండవచ్చు కదా అన్న అనుమానం పూర్తిగా పోదు. కొన్ని నేలల్లో, కొన్ని జంటల్లో స్ప్రూస్ ఒంటరిగానే మిన్న. కానీ ఏకజాతి తోటే దిగుబడికి తిరుగులేని మార్గమన్న ధీమా మాత్రం ఈ లెక్కల ముందు నిలవదు. దబాయించి చెప్పే హక్కు ఎవరికీ లేదన్నంత వరకు అవి చాలు.

మొదటి అభ్యంతరం గట్టిదే. ఉత్తరాది అడవులు పుట్టుకతోనే బీదవి. మంచుయుగాలు తుడిచిపెట్టాక స్కాండినేవియాకు తిరిగొచ్చిన చెట్లు కొద్ది. అక్కడ సొంతంగా పెరిగే, మిల్లుకు పనికొచ్చే శంఖాకార వృక్షాలు రెండే, స్ప్రూస్, పైన్. ప్రకృతే ఒకే జాతి అడవుల్ని మైళ్ళకొద్దీ పెంచిన చోట వైవిధ్యం పాఠం చెప్పడం శేషాచలం కొండల్లోనో నల్లమలలోనో తిరిగొచ్చినవాడి అమాయకత్వం అంటారు. నేను దీన్ని తిరగేసి చదువుతాను. రెండు వందల జాతులున్న అడవిలో ఒకటి పోతే మిగతావి సర్దుకోవచ్చు. ఐదారు ఉన్నచోట ఒకటి పోవడమంటే ఆ చెట్టు మీద బతికే సమస్తం పోవడమే. ఆస్పెన్‌ను ఆశ్రయించుకుని అక్కడ వందల రకాల పురుగులు, లైకెన్లు, శిలీంధ్రాలు ఉన్నాయి. వడ్రంగిపిట్టలు గూడు తొలుచుకునేది ఎక్కువగా దాని మెత్తటి మానులోనే. అదీగాక, సహజంగా పెరిగిన స్ప్రూస్ అడవిలో జాతి ఒకటే అయినా వయసులు వేరు. పడి కుళ్ళే మాను ఉంటుంది, దాని మీద లేచే పిల్లమొక్క ఉంటుంది, నిప్పు అంటుకున్న చోట బర్చ్ తోపు ఉంటుంది. తోటలో ఇవేవీ ఉండవు. జాతుల సంఖ్య ఒక్కటే లెక్కపెట్టి రెండూ సమానమే అనడం, గ్రంథాలయంలో అరల సంఖ్య చూసి పుస్తకాలు తూచినట్టు.

రెండోది సామాన్యంగా అందరికీ తోచేది. వరి పొలంలో వరే ఎందుకుందని ఎవరూ అడగరు కదా, కలప పంటను మాత్రం ఎందుకు నిలదీస్తారు? దీనికి సమాధానం కాలంలో ఉంది. వరి వేసిన రైతు తప్పు చేస్తే నాలుగు నెలల్లో తెలుస్తుంది. వచ్చే కారుకు విత్తనం మారుస్తాడు, లేకపోతే మినుములు చల్లుతాడు. నేర్చుకునేవాడూ నష్టపోయేవాడూ ఒకడే. అడవిలో తప్పు చేసినవాడు తప్పు బయటపడకముందే పోతాడు. నష్టం మరొకడికి, పాఠం ఇంకొకడికి. 1948లో ఫిన్లాండ్‌లో పేరుమోసిన అటవీ నిపుణులు కొందరు చెట్లను ఏరి నరికే పాత పద్ధతిని ఖండిస్తూ బహిరంగ ప్రకటన చేశారు. ఆనాడు వాళ్ళ ముందున్నవి మంచి చెట్లన్నీ ఏరుకుపోగా ఈసురోమన్న అడవులు కాబట్టి, వాళ్ళ కోపానికి కారణం లేకపోలేదు. కానీ ఆ మాట ఆచారమైంది, ఆచారం శాసనమంత బలపడింది. మొత్తం నరికి మొత్తం నాటే పద్ధతి తప్ప మరొకటి అడవి యజమానికి దక్కలేదు. అన్ని వయసుల చెట్లూ కలిసి పెరిగే అడవిని ఉంచుకోవడానికి చట్టం స్పష్టంగా తలుపు తీసింది 2014లో. ఒక తరం నమ్మకం మూడు తరాల అడవిని నిర్ణయించింది. అలాంటి చోట నమ్మకం ఎంత గట్టిదైతే అంత జాగ్రత్త కావాలి. జైనులు స్యాద్వాదం అని, ఏ మాటనైనా ఒక కోణం నుంచే, ఒక మేరకే నిజంగా చెప్పాలన్నారు. తర్కంలో అది చాదస్తంగా తోచవచ్చు గాని, ఎనభై ఏళ్ళ పంట వేసేవాడికి అంతకన్నా వ్యవహారజ్ఞానం ఉండబోదు.

ఇక తత్వవేత్తల నుంచి వచ్చే అభ్యంతరం. నీ వాదనంతా మనుషుల లాభనష్టాల మీదే నడుస్తోంది, రేపు తుఫానుకు పడని, పురుగు సోకని స్ప్రూస్ కనిపెడితే బర్చ్‌ను నిశ్చింతగా కొట్టేయమంటావా? నార్వే తత్వవేత్త ఆర్నె నెస్ జీవవైవిధ్యానికి తనంతట తనకే విలువ ఉందనీ, అది మన ఉపయోగానికి లోబడేది కాదనీ వాదించాడు. రిచర్డ్ రౌట్లీ 1973లో ఒక చిక్కు ప్రశ్న వేశాడు. భూమ్మీద చిట్టచివరి మనిషి తాను పోతూ పోతూ చెట్లనూ ప్రాణులనూ నాశనం చేస్తే, నష్టపోయే మనుషులెవరూ లేరు గనుక అది తప్పు కాదందామా? పర్యావరణ నీతిశాస్త్రంలో ఇంతగా చర్చకు వచ్చిన ఊహ మరొకటి అరుదు. అదే ఏడు రౌట్లీ తన భార్య వాల్‌తో కలిసి ఆస్ట్రేలియాలో స్థానిక అడవులను కొట్టేసి పైన్ తోటలు పెంచడం మీద ఒక పుస్తకమే రాశాడు. ఆ ప్రశ్న గాలిలోంచి ఊడిపడలేదన్నమాట. నాకు కూడా ఆ చివరి మనిషి చేసింది తప్పనే అనిపిస్తుంది. కానీ అనిపించడం వాదన కాదు. చెట్టుకు స్వతస్సిద్ధమైన విలువ ఉందని ఒప్పుకోనివాడి దగ్గర నెస్ ఆగిపోతాడు. నేను చెప్పేది అలా ఒప్పుకోనివాడి దగ్గర కూడా చెల్లుతుంది, నీకు తెలియదన్న సంగతి నువ్వే ఒప్పుకుంటున్నావు కదా అన్నదే దాని ఆధారం. ఏ ఆపదకూ లొంగని స్ప్రూస్ అంటారా, ఆపదలన్నీ ముందే తెలిస్తే కదా దాన్ని తయారుచేయడం.

దైవం మాట వస్తే ఈ దేశాల్లో అది ఊరికే పుస్తకాల్లో ఉండేది కాదు. 1967లో చరిత్రకారుడు లిన్ వైట్, ప్రకృతి మీద మనిషికి పెత్తనం ఇచ్చిన క్రైస్తవ భావనలోనే నేటి పర్యావరణ సంక్షోభానికి వేళ్ళున్నాయన్నాడు. దానికి జవాబుగా వేదాంతులు ఆదికాండంలోనే ఉన్న రెండో మాటను చూపిస్తారు, తోటను సాగుచేసి కాపాడమని మనిషికి అప్పగించిన మాటను. ఈ తగాదా స్వీడిష్ చర్చిలో ఆస్తి వ్యవహారంగా నడుస్తోంది. ఆ చర్చి చేతిలో సుమారు 4 లక్షల హెక్టార్ల కలప అడవి ఉంది. ఒకప్పుడు పాదరీల జీతాలకని ఏర్పడిన ఆస్తి అది. మన గుళ్ళకు మాన్యాలున్నట్టే. ఆ రాబడి సువార్త ప్రచారానికి తోడ్పడాలన్నది నియమం. దేవుడు ప్రతిదాన్నీ దాని దాని జాతి ప్రకారం సృష్టించాడని బోధించడానికయ్యే ఖర్చు, ఒకే జాతిని మిగిల్చిన అడవి భరించవలసి వస్తే ఆ బోధ ఎవరి చెవికెక్కుతుంది? చర్చి లోపలే ఈ ప్రశ్న అడిగేవాళ్ళున్నారు. రాబడి తగ్గితే ఊళ్ళలో ప్రార్థనామందిరాల పైకప్పులు ఎవరు బాగుచేయిస్తారని ఎదురడిగేవాళ్ళూ ఉన్నారు. ఉత్తరాన రెయిన్‌డీర్‌లను మేపే సామీ జాతివాళ్ళ సంగతి దీనికి తోడు. వాళ్ళ రెయిన్‌డీర్‌లు చలికాలమంతా బతికేది పలచటి పైన్ అడవుల నేల మీద పెరిగే లైకెన్ తిని. దట్టమైన తోటల నీడలో అది పెరగదు. లైకెన్ సమృద్ధిగా ఉన్న అడవుల విస్తీర్ణం అరవై ఏళ్ళలో 71 శాతం తగ్గిందని జాతీయ కొలతలే చెబుతున్నాయి. 2021లో అదే చర్చి తన పాత పాపాలకు సామీలను బహిరంగంగా క్షమాపణ అడిగింది. అడవి నడిపే తీరు ఆ క్షమాపణలోకి వస్తుందో రాదో చర్చి తేల్చుకోవాలి. రావాలని నా ఉద్దేశం.

మరి మిశ్రమ అడవి కూడా ఒక జూదమే కదా అనవచ్చు. అవును. 1970 దశకం నుంచి ఉత్తర స్వీడన్‌లో ఉత్తర అమెరికా నుంచి తెచ్చిన లాడ్జ్‌పోల్ పైన్‌ను లక్షల హెక్టార్లలో నాటారు. దేశం లెక్కలో జాతుల సంఖ్య ఒకటి పెరిగింది, నేల మీద బతుకు పెరగలేదు. వైవిధ్యం పేరుతో ఏదైనా నాటేయవచ్చన్నది కూడా అదే పాత ధీమా, వేషం మార్చుకుని వచ్చింది. నేను చెప్పే వినయానికి మొదటి పని నాటడం కాదు, నరకకుండా ఆగడం. ఆగితే ఏమవుతుందో బవేరియా అడవి జాతీయ ఉద్యానవనంలో చూశారు. 1970లో ఏర్పడిన ఆ ఉద్యానవనంలో 1983 గాలివానకు చెట్లు పడితే, మంత్రి హాన్స్ ఐసెన్‌మన్ వాటిని తీయించకుండా వదిలేయాలని నిర్ణయించాడు. 1990ల్లో బెరడు పురుగు కొండల మీది స్ప్రూస్‌ను చంపుకుపోతుంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అడవిని చావనిస్తారా అని తిరగబడ్డారు. చచ్చిన మానుల మధ్య లేచిన కొత్త అడవిలో, మిట్టల మీద చాలావరకు మళ్ళీ స్ప్రూసే ఉంది. ఇది నా వాదనకు ఇబ్బందే అనుకునేవాళ్ళుంటారు. నాకు కాదు. ఎత్తులు వేరు, వయసులు వేరు, నడుమ రోవన్, బర్చ్, అడుగున కుళ్ళే మాను. అక్కడ ఏది ఎక్కువుండాలో ఆ నేల తేల్చుకుంది, ఒక ఏటి ధరల పట్టీ తేల్చలేదు. అయితే స్వీడన్ అడవులన్నిటినీ ఉద్యానవనాలుగా వదిలేయమనడం కుదరదు. ఇళ్ళకు కలప కావాలి, సిమెంటు కన్నా కలప మేలు కూడా. వందేళ్ళలో ఆ దేశం తన అడవుల్లో నిలిచి ఉన్న కలపను దాదాపు రెట్టింపు చేసుకుందంటే అది ఈ తోటల విద్య పుణ్యమే.

కాబట్టి చివరికి ప్రశ్న ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర ఆగుతుంది. స్వీడన్‌లో సగం అడవి మూడు లక్షల పైచిలుకు మామూలు కుటుంబాల చేతుల్లో ఉంది. గుద్రున్ తర్వాత ఆకురాల్చే చెట్లు పెంచేవాళ్ళకు ప్రభుత్వం సాయం ప్రకటించింది. అయినా పడిపోయిన చోట ఎక్కువమంది మళ్ళీ స్ప్రూసే నాటారు. వాళ్ళకు పాఠం తలకెక్కలేదని వెక్కిరించినవాళ్ళున్నారు గాని, పొలాల గట్ల మీద నిలబడి చూస్తే సంగతి వేరు. ఆ దేశంలో మూస్ అనే పెద్ద జింకలు, రో జింకలు విపరీతం. ఓక్, ఆస్పెన్, రోవన్, చివరికి పైన్ పిల్లమొక్కలు కూడా వాటికి ఇష్టమైన మేత. స్ప్రూస్ ఒక్కటే వాటికి రుచించదు. ఓక్ నాటాలంటే హెక్టార్ల చుట్టూ కంచె వేయాలి, కంచెకయ్యే ఖర్చు మొక్కలకయ్యేదాన్ని మించిపోతుంది. ఆ యజమాని స్ప్రూస్ ఎంచుకోవడం భవిష్యత్తు తెలుసన్న గర్వంతో కాదు, వచ్చే చలికాలం తన మొక్కలు ఎవరి నోట పడతాయో తెలిసి. జింకల మందలు అంతంత ఉండటం వేటగాళ్ళకు ఇష్టం, వేట హక్కులకు ధర పలుకుతుంది, చాలాచోట్ల వేటగాడూ అడవి యజమానీ ఒకడే. రంపపు మనిషికి వంద బర్చ్‌లకు పది వదిలేయమని చెప్పడం తేలిక, దానికి పైసా అదనంగా అక్కర్లేదు. ఎందరో చెబుతున్నారు కూడా. ఆస్పెన్ పిలక మూడో ఏడు దాటి బతకాలంటే మాత్రం, ఈ ఏడాది ఎన్ని మూస్‌లను కొట్టాలో నిర్ణయించే సమావేశంలో ఆ పిలక తరఫున ఎవరో ఒకరు కూర్చోవాలి.